కరువు నేర్చిన దేహం: బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత తూకం ఎందుకు నిలిచిపోతుంది?



బరువు తగ్గించే శస్త్రచికిత్స, అంటే బేరియాట్రిక్ సర్జరీ, చేయించుకున్నవారి తొలి నెలలు ఎంతో ఉత్సాహంగా గడుస్తాయి. వారం వారం తూకం తగ్గుతుంది, పాత బట్టలు వదులవుతాయి, మోకాళ్ళ నొప్పి సర్దుకుంటుంది, మధుమేహం మాత్రలు తగ్గుతాయి. అంతలో ఒకనాడు తూకం యంత్రంపై అంకె ఆగిపోతుంది. వారం గడిచినా, నెల గడిచినా అదే అంకె. వైద్యులు దీనిని 'ప్లాటో' అంటారు. ఆ మాటకు అర్థం పీఠభూమి. ఘాటు రోడ్డు దిగుతూ దిగుతూ చదునునేలకు చేరినట్లు, తగ్గుతూ వచ్చిన బరువు ఒకచోట నిలకడకు వస్తుందన్నమాట.

ఆ నిలకడ వచ్చినప్పుడు మనిషి మనసులో మొదట పుట్టేది అపరాధభావం. 'నేనే ఏదో తప్పు చేశాను' అనుకుంటారు. ఇంట్లోవారు కూడా 'అంత డబ్బు పోసి ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ తింటున్నావా?' అంటారు. ఆ మాట పడలేక కొందరు ఉన్న కాస్త తిండిని కూడా మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. అందుకే ఈ నిలకడ వెనుక ఉన్న చరిత్రను మీ ముందుంచాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ చరిత్రలో మన తెలుగునేల కరువులకూ పాత్ర ఉంది.

జూరాల చెప్పే లెక్క

జోగుళాంబ గద్వాల జిల్లా ధరూర్ మండలంలో, రేవులపల్లి వద్ద, కృష్ణానదిపై ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు ఉంది. 1981లో శంకుస్థాపన జరిగి 1990లలో పూర్తయిన ఈ జలాశయం కర్ణాటక నుంచి కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టాక ఎదురయ్యే తొలి పెద్ద ప్రాజెక్టు. అక్కడి నీటిమట్టం ఎలా మారుతుందో ఆ ప్రాంతపు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. వచ్చే నీటికన్నా పోయే నీరు ఎక్కువైతే మట్టం తగ్గుతుంది. ఎగువ నుంచి వరద తగ్గినప్పుడు దిగువకు వదిలే నీటిని కూడా తగ్గిస్తారు. వచ్చేదీ పోయేదీ సమానమైన నాడు మట్టం కదలదు. అంతమాత్రాన గేట్ల దగ్గర ఎవరో తప్పు చేశారని మనం అనుకోము.

శరీరంలోని కొవ్వు కూడా అటువంటి నిల్వయే. శస్త్రచికిత్స తర్వాత వచ్చే ఆహారం ఒక్కసారిగా తగ్గుతుంది, ఖర్చు మాత్రం మొదట్లో పాత స్థాయిలోనే ఉంటుంది. అందువల్ల నిల్వ వేగంగా తరుగుతుంది. అయితే 120 కిలోల మనిషి 90 కిలోలకు వచ్చాడనుకోండి. నిన్నటిదాకా నడిచినా, మెట్లెక్కినా, లేచినా, కూర్చున్నా 30 కిలోల బియ్యం మూటను మోసినట్లు శ్రమపడిన దేహానికి ఇప్పుడు ఆ శ్రమ లేదు. తగ్గిన దేహాన్ని పోషించే ఖర్చూ తక్కువే. పైగా కాలం గడిచేకొద్దీ తినగలిగే పరిమాణం కొద్దికొద్దిగా పెరుగుతుంది. రాబడి కాస్త పెరిగి, ఖర్చు బాగా తగ్గి, రెండూ ఒకచోట కలుస్తాయి. ఆ కలిసిన చోటే నిలకడ.

ఇది సగం కథ. మిగిలిన సగమేమిటంటే, దేహం తన ఖర్చును లెక్కప్రకారం తగ్గవలసినదానికన్నా మరికొంత ఎక్కువగానే తగ్గించుకుంటుంది. ఆ పొదుపు ఎందుకు, ఎక్కడ నేర్చింది? ఇందుకు మనం జూరాల లేని కాలానికి వెళ్ళాలి.

ధాత కరువు, ఒక పౌను ధాన్యం

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదులు పక్కనే పారుతున్నా, నీరు పొలానికెక్కని కాలమంతా ఇక్కడివారు వానపైనే ఆధారపడ్డారు. పాలమూరు కూలీలు దేశమంతటా వలస వెళ్ళి ఆనకట్టలు కట్టారు, తమ ఊళ్ళకు మాత్రం నీటికై తరాలు ఎదురుచూశారు.

1876లో, తెలుగు సంవత్సరాల లెక్కలో ధాత నామ సంవత్సరంలో, వానలు పూర్తిగా మొండిచేయి చూపాయి. నిజాం రాజ్యపు దక్షిణ భాగాలు, తుంగభద్రకు ఆవలనున్న కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు, మైసూరు, బొంబాయి దక్కను అన్నీ కరువు పాలయ్యాయి. 1878 దాకా సాగిన ఆ విపత్తును మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్నారు. 1871, 1881 జనాభా లెక్కల నడుమ ఒక్క కర్నూలు జిల్లాయే తన జనాభాలో సుమారు నాలుగోవంతు కోల్పోయింది.

ఆ కరువులో ఆంగ్ల ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. మద్రాసు ప్రాంతంలో బకింగ్‌హాం కాలువ పని అలాంటిదే. పనిచేసినవారికి ఎంత కూలి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునన్నాడు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. చరిత్రలో ఇది 'టెంపుల్ కూలి'గా అపకీర్తి పొందింది.

దీనిని గట్టిగా ఎదిరించినవాడు ఒక వైద్యుడు. మద్రాసు ప్రభుత్వ శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. ఒక పౌను ధాన్యంతో కష్టం చేసే మనిషి నిలవలేడని, కనీసం ఒకటిన్నర పౌను కావాలని, అంతకుమించి కూరగాయలు, మాంసకృత్తులు ఉండే ఆహారం తోడు కావాలని ఆయన వాదించాడు. బతికి ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు అన్నదే ఆ వాదన సారం. కొద్ది నెలలకే మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని సవరించవలసి వచ్చింది. ఈలోగా శిబిరాలలో ఎందరో మరణించారు.

టెంపుల్ పొరపాటు ఏమిటో గమనించండి. తిండి తగ్గినా మనిషి కొంతకాలం నిలబడి ఉంటాడు. ఆ నిలబడటాన్ని చూసి 'ఇది చాలు' అనుకున్నాడాయన. నిజానికి ఆ మనిషి కండను కరిగించి, నాడిని మందగింపజేసి, ఒంటివేడిని తగ్గించుకుని నిలబడుతున్నాడు. ఆ నిలకడకు దేహం ఎంత మూల్యం చెల్లిస్తుందో కొలిచి చూపడానికి మరో 70 ఏళ్ళు పట్టింది.

మిన్నెసోటాలో 36 మంది

రెండవ ప్రపంచయుద్ధం చివర్లో ఐరోపా ఆకలితో అలమటిస్తున్నది. ఆకలిగొన్నవారిని తిరిగి కోలుకునేలా చేయడం ఎలాగో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు అందుకు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. 1945 ఫిబ్రవరి నుంచి 24 వారాలపాటు వారికి రోజుకు సుమారు 1,570 కిలోకాలరీల ఆహారమే ఇచ్చారు. బంగాళాదుంపలు, రొట్టె, దుంపకూరలు అందులో ముఖ్యం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ధాన్యంలో వంద గ్రాములకు సుమారు 350 కిలోకాలరీలుంటాయి. టెంపుల్ ఇచ్చిన 450 గ్రాముల ధాన్యం కూడా దాదాపు 1,575 కిలోకాలరీలే. 1877లో మన కరువు కూలీకి దక్కినదీ, 1945లో అమెరికా యువకులకు ఇచ్చినదీ ఇంచుమించు ఒకే మోతాదు. వారికి వైద్యులూ వెచ్చని గదులూ ఉన్నాయి. మనవారికి ఎండలో మట్టిపని ఉంది.

ఆరు నెలలలో ఆ యువకులు తమ బరువులో సుమారు నాలుగోవంతు కోల్పోయారు. అయితే బరువు ఒకే వేగంతో తగ్గలేదు. మొదట త్వరగా తగ్గి, తర్వాత నెమ్మదించి, చివరకు నిలకడకు వచ్చింది. నాడి సగటున నిమిషానికి 55 నుంచి 35కు పడిపోయింది. విశ్రాంతిలో దేహం చేసే ఖర్చు దాదాపు 40 శాతం తగ్గింది. అందులో కొంత తగ్గిన కండ వల్లనే, మిగిలినది దేహం చేసిన పొదుపు. వారికి చలి ఎక్కువైంది, చిరాకు పెరిగింది, మనసంతా అన్నం చుట్టూనే తిరిగింది. తిరిగి ఆహారం పెట్టినప్పుడు కండకన్నా ముందు కొవ్వు తిరిగి వచ్చింది. కీస్ ఈ ఫలితాలను 1950లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు.

ఆ యువకులెవరూ స్థూలకాయులు కారు, దొంగచాటుగా తిన్నందువల్ల వారి బరువు ఆగలేదు. తిండి తగ్గితే ఖర్చు తగ్గించుకోవడం మానవదేహపు స్వభావం. అది ఎవరి బలహీనతా కాదు.

1962లో జేమ్స్ నీల్ అనే జన్యుశాస్త్రవేత్త, కరువులలో పొదుపు చేయగలిగిన దేహాలే తరతరాలుగా మిగిలాయని, తిండి పుష్కలమైన కాలంలో ఆ గుణమే మధుమేహానికి దారితీస్తున్నదని ఒక ఊహ ప్రతిపాదించాడు. దానిపై నేటికీ శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. కాబట్టి 'మన తాతల కరువే మన కొవ్వు' అని నేను తీర్మానించను. కానీ ఒకటి మాత్రం స్పష్టం: మీ దేహానికి శస్త్రచికిత్సకూ కరువుకూ తేడా తెలియదు. కడుపులోకి తిండి తక్కువ వస్తున్నదన్నదే దానికి తెలిసిన సంగతి.

శస్త్రచికిత్సల చరిత్రలోనూ ఇదే పాఠం

ఆకలి ప్రయోగం జరిగిన మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోనే, తొమ్మిదేళ్ళకు, 1954లో, క్రీమెన్, లిన్నర్, నెల్సన్ అనే శస్త్రవైద్యులు చిన్నప్రేగులో ఎక్కువ భాగాన్ని దాటవేసి ఆహారం ఒంటబట్టకుండా చేసే పద్ధతిని వెల్లడించారు. బరువు బాగానే తగ్గింది. కానీ విరేచనాలు, మూత్రపిండాలలో రాళ్ళు, కాలేయం దెబ్బతినడం వంటి తీవ్ర సమస్యలు రావడంతో ఆ పద్ధతిని క్రమంగా వదిలేశారు. ఆ రోగులలోనూ బరువు ఒకచోట ఆగింది. మిగిలిన చిన్నప్రేగు ముక్క తనను తాను పెంచుకుని, ఎక్కువ పోషకాలు పీల్చుకోవడం నేర్చింది. కత్తి ఒకవైపు తగ్గిస్తే దేహం మరోవైపు సర్దుకున్నది.

తర్వాత అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో 1967లో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రకటించారు. పుండు వ్యాధికి జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసినవారు సన్నబడటమే వారికి ఆ ఆలోచన కలిగించింది. 1994లో ఇదే శస్త్రచికిత్సను చిన్న రంధ్రాల ద్వారా, లాపరోస్కోపీతో చేయడం మొదలైంది. నేడు మన నగరాలలో ఎక్కువగా చేస్తున్న స్లీవ్ శస్త్రచికిత్స మొదట స్వతంత్ర చికిత్స కానే కాదు. మరీ భారీకాయులకు పెద్ద శస్త్రచికిత్స ఒకేసారి చేయడం ప్రమాదమని, మొదటి మెట్టుగా జీర్ణాశయాన్ని గొట్టంలా చేసి, కొంత బరువు తగ్గాక రెండో మెట్టు చేయాలనుకున్నారు. మొదటి మెట్టుతోనే చాలామందికి సరిపడా బరువు తగ్గడంతో అదే చికిత్సగా స్థిరపడింది.

పద్ధతులు మారినా నిలకడ మాత్రం పోలేదు. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్.ఓ.ఎస్. అధ్యయనం దీనిని స్పష్టంగా చూపింది. శస్త్రచికిత్స చేయించుకున్న 2,010 మందిని, సాధారణ చికిత్స పొందిన 2,037 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. శస్త్రచికిత్స పొందినవారిలో బరువు ఒకటి రెండేళ్ళలో అత్యల్పానికి చేరి, తర్వాత కొంత పెరిగి, నిలకడకు వచ్చింది. గ్యాస్ట్రిక్ బైపాస్‌వారిలో మొదట సగటున 32 శాతం తగ్గిన బరువు పదేళ్ళ నాటికి 25 శాతం తగ్గుదల దగ్గర నిలిచింది. అంటే 120 కిలోల మనిషి 82 కిలోల దాకా దిగి, పదేళ్ళకు 90 కిలోల వద్ద ఉన్నట్లు. ఇది పుస్తకాలలోని సగటు ఫలితం. ఇదే మీకు జరిగితే దానిని ఓటమి అనుకోకండి.

ఆకలి కబుర్లు మోసే రసాయనాలు

దేహం నిల్వల సంగతి మెదడుకు ఎలా తెలుస్తుంది? 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ హార్మోను జన్యువును కనుగొన్నది. కొవ్వు కణాలలో పుట్టే లెప్టిన్ 'నిల్వ ఇంత ఉన్నది' అని మెదడుకు కబురు పంపుతుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు దానిని కరువు కబురుగా తీసుకుని ఆకలి పెంచి, ఖర్చు తగ్గిస్తుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గ్రెలిన్‌ను కనుగొన్నారు. ఇది ప్రధానంగా జీర్ణాశయంలో పుట్టి ఆకలిని రేపుతుంది. పథ్యంతో మాత్రమే బరువు తగ్గినవారిలో గ్రెలిన్ పెరుగుతుందని, గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిలో తక్కువగా ఉన్నదని 2002లో ఒక అధ్యయనం చూపింది. స్లీవ్ శస్త్రచికిత్సలో గ్రెలిన్ ఎక్కువగా పుట్టే భాగాన్నే తొలగిస్తారు.

అందువల్ల శస్త్రచికిత్స కేవలం కడుపును చిన్నది చేయడం కాదు, ఆకలి కబురునే కొంత మార్చడం. పథ్యం ఒక్కటే పాటించినవారి నిలకడ త్వరగా వస్తుంది, శస్త్రచికిత్స చేయించుకున్నవారి నిలకడ మరింత దిగువన వస్తుంది. అయితే ఇద్దరికీ వస్తుంది.

మీది ఏ నిలకడ?

మొదటిది రెండో వారం నుంచి నాలుగో వారం మధ్య వచ్చేది. తొలి రోజులలో కాలేయంలో, కండరాలలో ఉన్న గ్లైకోజెన్ నిల్వ కరుగుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు కలిసి ఉంటుంది. అందుకే తూకం వేగంగా పడిపోతుంది. తర్వాత దేహం కొంత నీటిని తిరిగి నిలుపుకుంటుంది. కొవ్వు తగ్గుతూనే ఉంటుంది, తూకం మాత్రం ఆగినట్లు కనిపిస్తుంది. దీనికి చేయవలసింది ఓపిక పట్టడమే.

రెండవది ఆరో నెల ప్రాంతంలో వచ్చేది. మూడు నాలుగు వారాలు అంకె కదలకపోయినా నడుము చుట్టుకొలత తగ్గుతుండవచ్చు. ఇక్కడ ఆహారాన్నీ వ్యాయామాన్నీ ఒకసారి సరిచూసుకోవాలి.

మూడవది సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నరకు వచ్చేది. ఇది చాలామందికి అసలైన గమ్యం. ఇక్కడి నుంచి పని తగ్గించడం కాదు, నిలబెట్టుకోవడం.

ఈ మూడింటికీ భిన్నమైనది, బరువు నెల నెలా తిరిగి పెరుగుతూ పోవడం. అది నిలకడ కాదు. దానికి కారణం వెతకాలి.

తనపై తానే కరువు విధించుకుంటే

'నా దేహం ఇంత తక్కువ తిని కూడా తగ్గడం లేదు, మరి ఇంకా తగ్గిస్తాను' అనుకునేవారితో ఒక మాట. శస్త్రచికిత్స తర్వాత తొలి నెలల్లో మీరు తినేది టెంపుల్ ఇచ్చిన కూలికన్నా తక్కువే. అయినా అది కరువు కాకపోవడానికి రెండు కారణాలు. మీ దేహంలో కొవ్వు నిల్వ ఉంది. కొవ్వు ఇవ్వలేని మాంసకృత్తులను, విటమిన్లను, లవణాలను మీరు విడిగా తీసుకుంటున్నారు. ఆ రెండవదాన్ని మానేస్తే మిగిలేది కరువే. అప్పుడు కండ కరుగుతుంది. కండ తగ్గితే ఖర్చు మరింత తగ్గుతుంది, నిలకడ మరింత గట్టిపడుతుంది.

అంతకన్నా భయంకరమైనది మరొకటి ఉంది. పూర్వం ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలంగా ఉండేది. మద్రాసు సైన్యంలోని వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే దానిపై ఒక గ్రంథం రాశాడు. కాళ్ళు తిమ్మిరెక్కడం, నడవలేకపోవడం, వాపు, గుండె దెబ్బతినడం దాని లక్షణాలు. థయమిన్, అంటే బి1 విటమిన్, లోపమే కారణమని తర్వాత తేలింది. ఆ వ్యాధిపై పరిశోధనకే 1918లో కూనూరులో మెకారిసన్ ఒక చిన్న కేంద్రం ప్రారంభించాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, నేడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. బియ్యం పాలిష్ వల్ల వచ్చిన ఆ పాత వ్యాధి నేడు శస్త్రచికిత్స తర్వాత ఆగని వాంతులతోనో, మొండి ఉపవాసంతోనో ఉన్నవారిలో మళ్ళీ కనిపిస్తున్నది. దేహంలో థయమిన్ నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది.

కాబట్టి వాంతులు రెండు మూడు రోజులకు మించి ఆగకపోయినా, పాదాలు తిమ్మిరెక్కినా, నడకలో తూలుతున్నా, వస్తువులు రెండుగా కనిపిస్తున్నా, మతిమరుపు వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. 'నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది' అని మొదటే చెప్పండి. నీరసమని గ్లూకోజ్ సీసా ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వడం అవసరం. లేకుంటే మెదడుకు శాశ్వత హాని కలగవచ్చు. ధరూర్ వంటి చోట ఉన్నవారు శస్త్రచికిత్స చేసిన వైద్యుని వద్దకు ప్రతిసారీ వెళ్ళలేరు. కాబట్టి శస్త్రచికిత్స పేరు, తేదీ, వాడుతున్న మందులు ఒక కాగితంపై రాసి దగ్గర ఉంచుకోండి. దగ్గరి వైద్యునికి అది ఎంతో ఉపకరిస్తుంది.

మరి ఏం చేయాలి?

కార్నిష్ నాడు చెప్పిన జవాబే నేటికీ మొదటి జవాబు: మాంసకృత్తులు. రోజుకు కనీసం 60 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోండి. మీకు ఎంత అవసరమో మీ వైద్యుడు నిర్ణయిస్తారు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. చేప, కోడిమాంసం, పనీరు, మీల్ మేకర్, పెసలు, సెనగలు, కందిపప్పు, పెరుగు, వీటిని రోజంతటా పంచుకోండి. పళ్ళెంలో మొదటి ముద్ద మాంసకృత్తులది, తర్వాత కూర, చివర అన్నమో జొన్నరొట్టో. చిన్నదైన కడుపులో అన్నం ముందు చేరితే పప్పుకు చోటుండదు.

రెండవది, జారిపోయే తిండి. చిన్న కడుపు గట్టి ఆహారాన్ని ఆపగలదు కానీ చక్కెర టీ, శీతల పానీయాలు, పాయసం, ఐస్‌క్రీం వంటివాటిని ఆపలేదు. మిక్చరు, బూందీ, మురుకులు కొద్దికొద్దిగా గంటల తరబడి నములుతుంటే అవీ అంతే. వేరుసెనగ పండే నడిగడ్డవారికి మరో మాట: పల్లీలు మంచివే, కానీ వంద గ్రాములలో 550కి పైగా కిలోకాలరీలుంటాయి. గుప్పెడు చాలు. మద్యం జోలికి వెళ్ళకండి. ముఖ్యంగా బైపాస్ తర్వాత అది త్వరగా రక్తంలో చేరుతుంది, వ్యసనంగా మారే అవకాశమూ ఎక్కువ.

మూడవది, కండను కాపాడే శ్రమ. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకకు తోడు, రెండు మూడు రోజులు బరువులెత్తడమో, గోడకు ఆనుకుని గుంజీలు తీయడమో చేయండి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, దానిపైనా శ్రద్ధ ఉంచండి.

నాలుగవది, మాత్రలు. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్, ఫోలిక్ ఆమ్లం వంటివి వైద్యుడు సూచించినంతకాలం, చాలామంది జీవితాంతం, తీసుకోవాలి. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తూకం నిలిచిందన్న నిరాశతో మాత్రలు కూడా మానేయడం నేను తరచు వినే పొరపాటు. ఏడాదికి కనీసం ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోండి.

ఐదవది, ఇతర కారణాలు. థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువును ఆపవచ్చు, పెంచవచ్చు. మీరు వాడే మందులన్నీ వైద్యునికి చూపండి, మీకు మీరు ఏదీ మానకండి. బరువు తిరిగి పెరుగుతుంటే ఎండోస్కోపీ, అవసరమైతే రెండో శస్త్రచికిత్స, లేదా ఇటీవల మన దేశంలో దొరుకుతున్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి ఇంజెక్షన్లు పనికిరావచ్చు. ఇవి వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. వేగంగా తగ్గిస్తామని అమ్మే పొడులను నమ్మకండి. గర్భం ధరించాలనుకునే స్త్రీలు శస్త్రచికిత్స తర్వాత కనీసం ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగి, బరువు నిలకడకు వచ్చాక ప్రయత్నించాలని వైద్యులు సూచిస్తారు. వారికి ఈ నిలకడ అడ్డంకి కాదు, శుభసూచన.

ఇక తూకం వారానికి ఒక్కసారే, ఉదయం, ఒకే యంత్రంపై చూసుకోండి. నెలకోసారి టేపుతో నడుము కొలవండి. రోజుకు నాలుగుసార్లు యంత్రమెక్కితే తెలిసేది నీటి హెచ్చుతగ్గులే.

తూకం చెప్పని సంగతి

పైన చెప్పిన స్వీడన్ అధ్యయనపు అసలు ఫలితం 2007లో వెలువడింది. సగటున 11 ఏళ్ళ పరిశీలనలో, వయసు వంటి తేడాలను సరిచేసి చూస్తే, శస్త్రచికిత్స పొందినవారిలో మరణ ప్రమాదం మిగిలినవారికన్నా సుమారు 29 శాతం తక్కువగా ఉన్నది. వారిలో అనేకులు తాము కోరుకున్న బరువుకు చేరినవారు కారు. తగ్గి, కొంత పెరిగి, నిలకడలో ఉన్నవారే. అయినా ఎక్కువకాలం బతికారు.

మధుమేహం అదుపులో ఉన్నదా, రక్తపోటు తగ్గిందా, నిద్రలో గురక ఆగిందా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదా, మనవడిని ఎత్తుకోగలుగుతున్నారా? నిలకడ వచ్చిన రోజున ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇంట్లో ఎవరైనా ఈ శస్త్రచికిత్స చేయించుకుని ఉంటే వారిని 'ఎంత తగ్గావు?' అని అడగడం మాని, 'ఈ పూట పప్పు తిన్నావా, మాత్ర వేసుకున్నావా?' అని అడగండి. కరువులో మన పూర్వులను నిలబెట్టిన పొదుపే నేడు మీ తూకాన్ని ఆపుతున్నది. ఆ దేహానికి మళ్ళీ కరువు చూపించకండి. దానికి కావలసినది సమయానికి ఇచ్చి, మీ వైద్యుని మాట విని, కొంచెం ఓపిక పట్టండి.